టన్నెల్ పనికి పోయే ముందు బండ ఎట్ల పగలగొడుతున్నరో అడగండి



మన గ్రూపులో ఈ మధ్య ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తున్నది. "టన్నెల్ ప్రాజెక్టుకు హెల్పర్లు, డ్రిల్లర్లు కావాలట. బయట సైటు కంటే జీతం ఎక్కువట. పోవచ్చా అన్నా?" అని. కింద మనవాళ్లు ఇచ్చిన జవాబులు అన్నీ చదివిన. తిండి కంపెనీదా కాదా అడుగు అని ఒకరు, ఓవర్‌టైమ్ బేసిక్ మీద ఇస్తరా అని ఒకరు, రూముకు ఎంతమంది అని ఒకరు. లోపల ఎండ తగలదు, హాయిగా ఉంటది పో తమ్ముడూ అని ఇంకొకాయన. ఇవన్నీ అడగవలసినవే, కాదనను. కానీ ఒక్కరు కూడా అడగని ప్రశ్న ఒకటి ఉన్నది. అక్కడ కొండ ఏ బండ? దాన్ని దేనితో పగలగొడుతున్నరు?

ఇది ఇంజినీరు అడిగే ప్రశ్న, మనకెందుకు అనుకుంటరు. నేను చదివింది పదో తరగతే. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లో జాక్‌హామర్ పట్టి, ఆ తర్వాత ఈ గల్ఫ్ దేశాల్లో కొండ తొలిచే సైట్లలో హెల్పర్ నుంచి సూపర్‌వైజర్ దాకా వచ్చిన. ఈ ఇరవై ఏండ్లలో నాకు అర్థమైన సంగతి చెప్తున్న. టన్నెల్‌లో మనిషికి ఏ విధంగా దెబ్బ తగులుతదో ముందే చెప్పేది బండను పగలగొట్టే పద్ధతే. ఒక పద్ధతిలో చేతులు పోతయి, ఒక దాంట్ల కండ్లు, ఇంకో దాంట్ల ఊపిరి. జీతం స్లిప్పులో ఇది రాసి ఉండదు.

మన ఊర్లలో వడ్డెర వాళ్లు బండ కొట్టేది చూసినోళ్లకు అసలు కిటుకు తెలిసే ఉంటది. పరుపు బండ మీద కట్టెలు పేర్చి మంట పెడతరు. వేడికి పై పొర ఉబ్బి, కింది బండ నుంచి విడిపోతది. తర్వాత ఉలితో వరుసగా గుంటలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతరు. ఒక్కదాన్నే పట్టుకొని బలంగా కొట్టరు. మొదటి చీల నుంచి చివరి చీల దాకా, మళ్లీ మొదటికి. ఏదో ఒక దెబ్బకు బండ రొట్టె విరిగినట్టు గీత మీద చీలుతది. ఇంతే సంగతి. బండను నొక్కి పగలగొట్టడం చానా కష్టం, చీల్చడం తేలిక. మనం పోసే సీ-40 కాంక్రీట్ అంటే 40 మెగాపాస్కల్ నొక్కుడుకు ఆగుతది. మంచి గ్రానైట్ 150 నుంచి 250 దాకా ఆగుతది. కానీ అదే గ్రానైట్‌ను రెండు దిక్కుల నుంచి లాగితే అందులో పదో వంతు బలానికే విడిపోతది. ఇప్పటి పెద్ద పెద్ద మెషీన్లు, మందుగుండు, కెమికల్ పౌడర్ అన్నీ ఈ బలహీనత మీదనే దెబ్బ కొడతయి. మా క్వారీ పక్కన కూసొని రొట్టె తినే వడ్డెర ముసలాయనకు ఈ లెక్కలు రావు, పని మాత్రం ఇంజినీరు కంటే ముందే తెలుసు.

ఇగ టన్నెల్ సంగతి. ఇక్కడ హజర్ కొండల్లో గానీ, సౌదీ పడమటి దిక్కు కొండల్లో గానీ ఎక్కువ నడిచేది డ్రిల్లింగ్, బ్లాస్టింగే. కొండ ముఖం మీద సర్వే వాళ్లు చుక్కలు పెడతరు. మూడు చేతుల జంబో మెషీన్ వచ్చి మూడు నుంచి ఐదు మీటర్ల లోతుకు హోల్స్ కొడతది. ఒక రోడ్డు టన్నెల్ ముఖానికి వందకు పైనే హోల్స్ పడతయి. నడుమ రెండు మూడు పెద్ద హోల్స్ మందు పెట్టకుండా ఖాళీగా వదిలేస్తరు. కొత్తవాళ్లు అవి మర్చిపోయినరు అనుకుంటరు. కాదు. పేలిన బండ జరగడానికి చోటు కావాలె కదా, అది ఆ ఖాళీ. నడుమ హోల్స్ ముందు పేలి గుంట పడతది, తర్వాత దాని చుట్టుపక్కలవి, ఆఖరికి అంచులవి. అన్నీ ఒక్కసారి పేలినట్టు మనకు వినపడతది గానీ మధ్యలో సెకనులో చిన్న చిన్న వంతుల తేడా పెట్టి ఉంటరు. పేలినంక పొగ పోనిచ్చి, పైకప్పు మీద వదులు రాళ్లు రాల్చి, మట్టి ఎత్తి, రాక్ బోల్టులు కొట్టి, షాట్‌క్రీట్ చల్లి, మళ్లీ చుక్కలు. రాత్రి పగలు ఇదే చక్రం.

ఈ చక్రంలో మనిషి పోయే చోట్లు నాలుగున్నయి. పేలుడు అప్పుడు పోయేవాళ్లు చానా తక్కువ. అప్పుడు అందరూ బయటనే ఉంటరు, సైరన్ ఉంటది, పోలీసులు ఉంటరు. ఈ దేశాల్లో మందుగుండు పోలీసు అనుమతి లేకుండా పెట్టె కూడా కదలదు. ప్రమాదం అంతా పేలుడుకు ముందు, పేలుడు తర్వాత.

పేలని తూటా మొదటిది. కొత్త రౌండ్ మొదలుపెట్టినప్పుడు ముఖం మీద పాత హోల్స్ అడుగులు చేతి లోతుకు మిగిలి కనిపిస్తుంటయి. కొత్త హోల్ కొట్టడానికి డ్రిల్ జారకుండా అవి సులువుగా దొరుకుతయి. అక్కడే డ్రిల్ పెడితే తొందరగా అయితది అనిపిస్తది. ఆ అడుగులో పేలని మందు ముక్క ఒక్కటి మిగిలి ఉన్నా డ్రిల్ రాడ్డు దెబ్బకు లేస్తది. పాత హోల్‌లో, దాని పక్కన అంటుకొని కూడా డ్రిల్ పెట్టకూడదు. ఫోర్‌మన్ చెప్పినా పెట్టకండి. దీంట్ల ఇంకో మాట లేదు.

రెండోది పొగ. బ్లాస్ట్ అయినంక ఎర్రగా గోధుమ రంగులో కనిపించే పొగ ఉంటది, అది నైట్రోజన్ డయాక్సైడ్. గొంతు మండుతది కాబట్టి దాన్ని చూసి మనమే ఆగుతం. దానితో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి వస్తది, వాంతి వచ్చినట్టు అయితది, మనం ఎండ దెబ్బ అనుకొని నీళ్లు తాగి మళ్లీ లోపలికి పోతం. గ్యాస్ మీటర్ పట్టుకున్న మనిషి ముందు పోయి, సరే అన్నంకనే మన అడుగు పడాలె. ఫ్యాన్ తిరుగుతున్నది కదా అంటే చాలదు. ఫ్యాన్ గొట్టం ముఖానికి ఎంత దూరంలో ఆగిపోయిందో చూడండి. గొట్టం చినిగి దారిలోనే గాలి అంతా పోతున్న సైట్లు నేను చూసిన.

మూడోది పైకప్పు. వదులు రాయిని చప్పుడుతో పట్టాలె. ఇనుప రాడ్డుతో తట్టితే గట్టి బండ గంట మోగినట్టు ఖంగుమంటది. లోపల పగులున్న రాయి పగిలిన కుండ తట్టినట్టు బొత్తగా అంటది. క్వారీల్లో పనిచేసినోళ్ల చెవికి ఈ తేడా వెంటనే దొరుకుతది. ఇప్పుడు దీనికి మెషీన్లు వచ్చినయి, మంచిదే, మెషీన్ ఉన్న చోట మనిషిని కిందికి పంపకూడదు. కానీ చిన్న సైట్లలో ఇంకా రాడ్డు పట్టేది మన పోరగాళ్లే. వాళ్లు నిలబడేది బోల్టు కొట్టిన పైకప్పు కింద అయి ఉండాలె, తట్టేది ముందున్న దాన్ని.

నాలుగోది ధూళి. దీని గురించే నేను ఈ రాత రాస్తున్న, అందుకే దాన్ని ఆఖరికి పెట్టిన. దానికి వచ్చే ముందు మిగిలిన పద్ధతులు కూడా చెప్పి వస్త.

టన్నెల్ మీద ఇండ్లు ఉంటే, లేకపోతే బ్లాస్టింగ్ అనుమతి రాకపోతే బ్రేకర్ పెడతరు. ఎక్స్‌కవేటర్‌కు బిగించిన పెద్ద సుత్తె అది. బండ మెత్తగా, పగుళ్లు పగుళ్లుగా ఉంటే ఫరవాలేదు. గట్టి గ్రానైట్ మీద రోజంతా టకటకలాడినా పిడికెడు పొట్టు రాలదు, పొట్టు కంటే ధూళి ఎక్కువ. మూలల్లో మెషీన్ అందని చోట చేతి జాక్‌హామర్ ఇస్తరు. దాన్ని ఏండ్ల తరబడి పట్టినోళ్ల వేండ్లు ముందు తిమ్మిరెక్కుతయి, తర్వాత అంగి గుండీ పెట్టుకోవడం కూడా రాదు. ఊరికి పోయినంక చలికాలం పొద్దున వేండ్లు తెల్లగా పాలిపోతయి. నరాల వీక్‌నెస్ అని బలం సూదులు వేయించుకుంటరు. అది వీక్‌నెస్ కాదు, మెషీన్ వణుకు. మనిషిని మార్చి మార్చి పని ఇస్తే చాలా వరకు తప్పుతది.

మెత్తని బండకు రోడ్‌హెడర్ అని ఒకటి ఉంటది, ముండ్ల గుండు తిప్పి గీకుతది. గట్టి బండకు పనికి రాదు, పండ్లు అరిగిపోతయి. దాని గురించి ఇంతే చాలు.

చప్పుడు లేని పద్ధతి ఇంకొకటి ఈ మధ్య బాగా కనిపిస్తున్నది. పౌడర్. సున్నం నుంచి చేసింది. నీళ్లలో కలిపి హోల్స్‌లో పోస్తే గంటల మీద, ఒక్కోసారి ఒక రోజు మీద, మెల్లగా ఉబ్బి బండను చీలుస్తది. వడ్డెర వాళ్ల చీల పనే, సమ్మెట లేకుండా. మందుగుండు కాదు కాబట్టి పోలీసు అనుమతి లేదు, సైరన్ లేదు. అందుకే దీన్ని "సేఫ్ పౌడర్" అని చెప్పి ట్రైనింగ్ ఇవ్వకుండనే హెల్పర్ చేతికి బకెట్ ఇస్తరు. ఇక్కడి ఎండకు ఇది సేఫ్ కాదు. బండ వేడెక్కి ఉన్నా, నీళ్లు వేడిగా ఉన్నా, ఎండాకాలం రకం కాకుండా చలికాలం రకం పౌడర్ వాడినా, అది తొందరపడి ఉబ్బి హోల్‌లో నుంచి తుపాకీ గుండు లెక్క పైకి తన్నుతది. ఆ టైములో "పగిలిందా లేదా" అని ఎవరన్నా వంగి హోల్‌లోకి తొంగి చూస్తే కండ్లు పోయినట్టే. సున్నం కాబట్టి కంట్లో పడితే కాలుస్తది కూడా. సంచి మీద ఏ వేడికి ఏ రకమో రాసి ఉంటది. చదవరాకపోతే ఫోటో తీసి మన గ్రూపులో పెట్టండి, ఎవరో ఒకరు చదివి చెప్తరు. పోసినంక కంటి అద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు, అద్దాలు ఉన్నా వంగి చూడొద్దు.

టీబీఎం గురించి మనవాళ్లకు ఒక భ్రమ ఉన్నది. అంత పెద్ద మెషీన్, లోపల ఏసీ క్యాబిన్, బటన్ నొక్కుడే పని అని. మెషీన్ ముందు చక్రానికి ఇనుప కటర్లు ఉంటయి, ఒక్కోటి బండ మీద 25 నుంచి 30 టన్నుల దాకా నొక్కుకుంటూ దొర్లుతది. రెండు కటర్ల గీతల నడుమ బండ పెళ్లలుగా ఊడుతది. చూడ ముచ్చటగానే ఉంటది. అరిగిన కటర్లు మార్చడానికి మాత్రం మనిషి ఆ చక్రం సందులోకి దూరాలె. ఇంకోటి, టీబీఎం పోయే టన్నెల్ పొడుగు. వెనక్కి వచ్చే దారి ఒక్కటే. మన ఎస్సెల్బీసీ టన్నెల్ మీకు గుర్తుండే ఉంటది. 43.93 కిలోమీటర్లు, పైన పులుల అడవి కాబట్టి నడుమ ఎక్కడా పక్క దారి తొలవలేదు. 2025 ఫిబ్రవరి 22న లోపల సుమారు 14 కిలోమీటర్ల దగ్గర పైకప్పు కూలి నీళ్లు, బురద వచ్చినప్పుడు ఎనిమిది మంది ఇరుక్కుపోయినరు. వాళ్లు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, కశ్మీర్ దిక్కు నుంచి మన జిల్లాకు పనికొచ్చినోళ్లు. మనం ఇక్కడికి వచ్చినట్టే. అంత పెద్ద మెషీన్ వాళ్లను కాపాడలేకపోయింది.

దానికి ముందు ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా. 2023 నవంబర్ 12న 41 మంది లోపల చిక్కుకున్నరు. అడ్డం పడ్డ మట్టి తొలవడానికి విదేశీ మెషీన్ తెస్తే అది ఆఖరి పది పన్నెండు మీటర్ల దగ్గర విరిగి ఆగిపోయింది. అప్పుడు చేతి పనిముట్లతో బొరియలు తవ్వే కూలీలను పిలిపిస్తే వాళ్లు పాకుకుంటూ పోయి తవ్వినరు. 28వ తారీఖు రాత్రి 41 మంది బయటకు వచ్చినరు. ఆ రోజు మా క్యాంపులో అన్ని దేశాలోళ్లు టీవీ ముందు కూసున్నరు. పాకిస్తానీ డ్రైవర్ ఒకాయన చప్పట్లు కొట్టిండు. నేను మెషీన్లకు వ్యతిరేకం కాదు. మెషీన్ ఉన్నది కాబట్టి భయం లేదు అనే మాటకు వ్యతిరేకం.

ఇప్పుడు ధూళి సంగతి.

కండ్లకు కనిపించే ధూళికి మనం భయపడతం. కనిపించేది ముక్కులోనో గొంతులోనో ఆగి, చీమిడిలో, కళ్లెలో బయటకు వస్తది. చంపేది కనిపించనిది. వెంట్రుక మందంలో పదో వంతు కంటే సన్నగా ఉండే రాతి పొడి ఊపిరితిత్తుల అడుగుకు పోయి అక్కడే కూసుంటది. ఆ రాతిలో సిలికా ఉంటే ఊపిరితిత్తి చుట్టూ గట్టి మచ్చలు కడతది. దాన్నే సిలికోసిస్ అంటరు. మందు లేదు. ఎక్కువ మందికి పదేండ్లు, ఇరవై ఏండ్లు పట్టి బయటపడతది. ధూళి మరీ ఎక్కువ అయితే కొన్ని నెలల్లో, ఒకటి రెండేండ్లల్లోనే రావొచ్చు. పని మానేసినంక కూడా ముదురుతది. టీబీ కూడా తొందరగా అంటుకుంటది. అందుకే చానామందికి ఊర్ల టీబీ అని చెప్పి మందులు మింగిస్తుంటరు. అసలు రోగం పేరు ఎవ్వరూ చెప్పరు, ఎందుకంటే "ఏం పని చేసినవు?" అని డాక్టరు అడిగితే మనం "గల్ఫ్‌లో కంపెనీ పని" అంటం.

ఏ బండ అని మొదట్లో అడగమన్నది దీనికోసమే. గ్రానైట్‌లో సిలికా బాగా ఉంటది, ఇసుకరాయిలో ఇంకా ఎక్కువ. సున్నపురాయిలో తక్కువ. ఒమాన్, యూఏఈ కొండల్లో కనిపించే నల్ల బండల్లో చానా వాటికి సిలికా లేనట్టే ఉంటది. అట్లని అక్కడ ధూళి మింగొచ్చు అని కాదు. షాట్‌క్రీట్‌లో, కాంక్రీట్‌లో ఇసుక ఉన్నది, అది సిలికానే. సౌదీలో ఎర్ర సముద్రం దిక్కు కొండలు మన కరీంనగర్ బండకు అన్నదమ్ములే, అక్కడ గ్రానైట్ కావలసినంత. అందుకే సౌదీ టన్నెళ్లకు పోయే తమ్ముళ్లు ఇంకా ఎక్కువ జాగ్రత్తగా ఉండాలె.

దీనికి కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. డ్రిల్ రాడ్డు నడుమ బోలుగా ఉంటది, దాంట్ల నుంచి నీళ్లు పంపితే ధూళి లేవకముందే బురద అయి కారిపోతది. నూరేండ్ల కింది సంగతి ఇది. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో 1930లో హాక్స్ నెస్ట్ అని నీళ్ల టన్నెల్ తొలిచినరు. దాదాపు సిలికా తప్ప వేరే ఏం లేని బండ. నీళ్లు పెడితే పని నెమ్మదిస్తదని పొడిగా డ్రిల్ చేయించినరు. చూడటానికి వచ్చిన పెద్ద సార్లు మాస్కులు పెట్టుకున్నరు, కూలీలకు లేవు. పనిచేసినోళ్లలో ఎక్కువమంది దక్షిణం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన నల్లజాతి కూలీలు. వందల మంది చనిపోయినరు. ఎంతమంది అనేది ఈరోజుకు కూడా సరిగ్గా తేలలేదు. ఎందుకు తేలలేదో ఆలోచించండి. రోగం వచ్చినంక వాళ్లు తమ తమ ఊర్లకు పోయి అక్కడ చనిపోయినరు. వలస కూలీ చావు ఎవరి లెక్కలోకి రాదు.

ఇప్పటి జంబోలకు నీళ్ల లైను కంపెనీ నుంచే వస్తది. మరి పొడి డ్రిల్లింగ్ ఎందుకు జరుగుతున్నది? నీళ్లు ట్యాంకర్‌తో తేవాలె, ఖర్చు. పంపు చెడిపోతది. కింద బురద అయి జారుతది, పంపు పెట్టి తోడాలె. గాలితో కొడితే హోల్ తొందరగా పడతది. షిఫ్టులో మీటర్లు చూపించాలె. నేను సూపర్‌వైజర్‌ను కాబట్టి ఆ ఒత్తిడి ఎట్ల ఉంటదో నాకు తెలుసు. అయినా ఒక మాట సూటిగా చెప్పాలె. నీళ్ల వాల్వ్ బంద్ చేసే చెయ్యి ఎక్కువసార్లు మేనేజర్‌ది కాదు. ఫోర్‌మన్‌ది. ఆ ఫోర్‌మన్ చానాసార్లు మనవాడే. మన భాష మాట్లాడి, మనతో కలిసి పండుగ చేసుకునేవాడే. "రెండు గంటలు సర్దుకోండి రా, పంపు రిపేరు అయితున్నది" అంటడు. ఆ రెండు గంటలు రెండు వారాలు అయితయి. ఈ గ్రూపులో ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్లు ముప్పై మందికి తక్కువ లేరు. నీళ్లు లేకపోతే డ్రిల్ ఆపుతం అని మన ముప్పై మంది అనుకుంటే, ఎన్ని ఊపిరితిత్తులు మిగులుతయో లెక్కేసుకోండి. మీటర్లు తగ్గితే నాలుగు మాటలు పడతయి. పడనీయండి. పంపు చెడిన సంగతి రాతలో, టైము వేసి, మెసేజ్‌లో పై వాళ్లకు పంపండి. రాత ఉన్న చోట పంపు తొందరగా బాగవుతది, ఇది నేను చూసిన అనుభవం.

మాస్క్ గురించి కొంచెం. నీలం రంగు సర్జికల్ మాస్క్, మెడకు చుట్టుకునే గుడ్డ, తడి తువ్వాల, ఇవేవీ ఆ సన్నటి ధూళిని ఆపవు. ఎన్-95 లేదా ఎఫ్ఎఫ్‌పీ-2, ఎఫ్ఎఫ్‌పీ-3 అని రాసి ఉన్నవే కావాలె. గడ్డం ఉంటే పక్క నుంచి గాలి పోతది, అది కూడా దండగే. షిఫ్ట్ అయినంక కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకుంటరు చూడండి, అది చానా చెడ్డ పని. మాస్క్ అనేది నీళ్లు, ఫ్యాన్ ఉన్నంక ఆఖరిది. నీళ్లు బంద్ చేసి మాస్క్ చేతిలో పెట్టినరంటే వాళ్లు మీ సంతకం కోసం ఇస్తున్నరు.

కొందరు అంటరు, ఇన్ని ప్రశ్నలు అడిగితే ఏజెంటు మనల్ని పక్కన పెట్టి నేపాలోడినో బంగ్లాదేశోడినో తీసుకుంటడు అని. నిజమే, తీసుకోవచ్చు. అప్పు ఉన్నోడికి ప్రశ్న అడిగే ధైర్యం ఎక్కడి నుంచి వస్తది, అది నాకు తెలియనిది కాదు. అందుకే ఏజెంటును నిలదీయమని నేను చెప్తలేను. ఏజెంటుకు ఎట్లాగూ తెలియదు. ఆ సైటులో ఇప్పటికే ఉన్నోడిని అడగండి. ఏ దేశమోడైనా ఫరవాలేదు, ఒక్క ఫోటో పంపమనండి, డ్రిల్లింగ్ నడుస్తున్నప్పటి ఫోటో. తెల్లటి పొగమంచులో మనుషులు కనబడకుండా ఉంటే నీళ్లు లేనట్టు. కింద బురద, పైన బట్టలు తడిసి ఉంటే నీళ్లు ఉన్నట్టు. ఇంజినీరు కానక్కరలేదు.

అసలు నా కోపం అంతా ఎక్కడంటే ఎక్స్-రే దగ్గర. గల్ఫ్‌కు వచ్చే ముందు మనకు మెడికల్ చేస్తరు, ఛాతీ ఎక్స్-రే తీస్తరు. మచ్చ ఉంటే అన్‌ఫిట్. ఎంత ఖర్చు అయినా అయిపోయినట్టే. అంటే మన ఊపిరితిత్తులు బాగున్నయి అని చూసుకొని మరీ తీసుకుంటరు. పదేండ్లు బండ తొలిపించుకొని పంపేటప్పుడు మాత్రం ఎవరూ ఎక్స్-రే తీయరు. సామాన్లు లెక్కపెట్టి తీసుకుంటరు, హెల్మెట్, బెల్టు, బూట్లు వాపస్ ఇచ్చినవా అని సంతకం పెట్టించుకుంటరు. మనిషిని వాపస్ తీసుకునేటప్పుడు లెక్క లేదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది, 10 లక్షలు, ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా. రాయి పడి పోతే కాగితం ఉంటది. రాతి పొడి పదేండ్లకు చంపితే ప్రమాదం ఏ తారీఖున జరిగింది అని రాయాలె?

రాజస్థాన్‌లో రాతి పనివాళ్లు ఏండ్ల తరబడి కొట్లాడితే అక్కడి ప్రభుత్వం 2019లో సిలికోసిస్ కోసం విధానం తెచ్చింది. రోగం ఉన్నదని సర్టిఫికెట్ ఇస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు. మన తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలను కూడా మనం ఇదే అడగాలె. అడిగేటప్పుడు విదేశంలో చేసిన పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలని కలిపి అడగాలె. లేకపోతే "మా క్వారీలో పనిచేయలేదు కదా" అని ఫైలు వాపస్ వస్తది.

అడగాలంటే మన దగ్గర కాగితం ఉండాలె. అందుకే కమిటీ అన్నలకు నాది ఒక విన్నపం. టన్నెల్, క్వారీ, క్రషర్ పనుల్లో ఉన్న మన సభ్యుల పేరు మీద ఒక్కొక్కరికి ఒక పేజీ పెట్టండి. ఏ దేశం, ఏ సైటు, ఏ నెల నుంచి ఏ నెల దాకా, బండ ఏమిటి, పని ఏమిటి, నీళ్లు ఉన్నయా లేవా. ఇంతే. ఐదు నిమిషాల పని. శుక్రవారం క్యాంపులకు పోయే వాలంటీర్లు రాసుకొని రావచ్చు. కంపెనీ మీద ఫిర్యాదు కాదు, కాబట్టి ఎవరూ భయపడనక్కరలేదు. పదేండ్లకు ఎవరన్నా దగ్గుకుంటూ ఆసుపత్రికి పోతే ఆ పేజీ డాక్టరు ముందు పెట్టాలె, అది చూస్తే టీబీతో పాటు సిలికోసిస్ పరీక్ష కూడా రాస్తడు.

ఇగ ఇప్పుడే టన్నెల్‌లో ఉన్న తమ్ముళ్లకు. వచ్చేటప్పుడు మెడికల్ సెంటర్‌లో తీసిన ఎక్స్-రే కాపీ ఇంట్లో ఉంటే పారేయొద్దని అమ్మకో ఇంటామెకో ఫోన్ చేసి చెప్పండి. ఈసారి సెలవుల మీద పోయినప్పుడు మన జిల్లా ఆసుపత్రిలో ఛాతీ డాక్టరు దగ్గర ఒకటి తీయించుకోండి. తీయించుకునేటప్పుడు "నేను టన్నెల్‌లో ఇన్నేండ్ల నుంచి రాతి డ్రిల్లింగ్ చేస్తున్న" అని చెప్పండి, చీటీ మీద ఆ మాట రాయమనండి. ఫిలిం గానీ సీడీ గానీ అడిగి తెచ్చుకోండి. ఫోన్‌లో తీసిన ఫోటో పనికి రాదు, చిన్న మచ్చలు అందులో కనబడవు.